సగం నావ

వన్‌టౌన్‌లో మా మునిసిపల్ బడి, మేడమీద
పదకొండు కంప్యూటర్లు.
నాలుగు ఉప్పుగాలికి పోయాయి.
నాకూ నఫీసాకీ కలిపి ఏడో నంబరు.
దాని కీబోర్డులో ఎల్ అక్షరం దిగబడిపోతుంది,
ప్రతిసారీ గోటితో పైకి లాగాలి.
గీత గియ్యాలంటే ఎల్ నొక్కాలి మరి.

మొదటి వారమంతా గీతలే.
"ఎఫ్ ఎనిమిది నొక్కి గియ్యండి," అన్నారు ఎస్తేరు మేడమ్,
"చెయ్యి వణికినా గీత వణకదు."
నిజమే.
డ్రాయింగు పుస్తకంలో రబ్బరుకి చిరిగిన నా పేజీలన్నీ
గుర్తొచ్చి సిగ్గేసింది.
ఇక్కడ తప్పు చేస్తే కాగితం నలగదు,
వెనక్కి అంటే వెనక్కి పోతుంది
ఏమీ జరగనట్టు.
మౌసు చక్రం తిప్పుకుంటూ గీత దగ్గరికి వెళ్లాను,
ఇంకా, ఇంకా...
ఎంత దగ్గరికెళ్లినా అది లావెక్కలేదు.
"దీనికి ఒళ్లు లేదే," అంది నఫీసా.

ఇంట్లో వస్తువు ఒకటి కొలిచి గీసుకు రమ్మన్నారు.
అందరూ బల్లలు, గ్యాసు సిలిండర్లు,
నఫీసా వాళ్ల నాన్న కుట్టుమిషను.
నేను నావ అన్నాను.
"నావ ఇంట్లో ఉంటుందా?"
"దాని మీదే ఇల్లు నడుస్తుందండి."

ఆదివారం, ఫిషింగ్ హార్బరు జెట్టీ వెనక,
గరగయ్య తాత టేపు వైపు అనుమానంగా చూశాడు.
"అదేటికే గుంటా?
మూడు బారలు, ఓ మూర, ఓ బెత్త. రాసుకో."
ఎవరి బార తాతా?
"నా బారే. నావ నాది కాదేటి?"
చేతులు చాచి నిలబెట్టి
ముందు ఆయన్ని కొలిచాను.
కుడి చేతి నడిమి వేలు సగమే,
మిగతాది ఎప్పుడో ట్రాలరు వించి తినేసింది.
ఆ సగం వేలు కూడా కొలతలోకి వచ్చింది.
ఎడమ పక్క పూర్తయ్యేసరికి
యారాడ కొండ వెనక్కి పొద్దు పోయింది.
కుడి పక్క కొలవలేదు.
మిర్రర్ ఉందిగా.

సోమవారం చుక్కా చుక్కా కలిపి వంపు తెచ్చాను.
నడుమ ఒక గీత, మిర్రర్, ఎంటర్.
చప్పున మొత్తం నావ!
క్లాసంతా లేచి వచ్చి చూసింది.
బడి ప్రింటరులో ఇంకు లేదు.
పూర్ణా మార్కెట్ పక్క జిరాక్సు షాపులో
ఇరవై రూపాయలు, పెద్ద కాగితం.

తాత దాన్ని వల మీద పరుచుకుని
చాలాసేపు చూశాడు.
"ఇది ఎవుల నావే?"
మనదే తాతా.
"మనది గాదు. ఇది తిన్నగా పోద్ది."

కుడి పక్క మూడు పలకలు
హుద్‌హుద్ తరవాత వేసినవట,
అప్పు దొరికినంతలో దొరికిన కర్ర.
నానీ నానీ బయటికి ఉబ్బాయి.
అప్పట్నించీ నావ ఎడంకి లాగుతుంది,
ఆయన కుడికి ఒరిగి తెడ్డు పడతాడు.
నాకు ఊహ తెలిశాక ఆయన్ని అలాగే చూశాను,
కూర్చునే తీరే అంత అనుకున్నాను.

"సరే, నీరేదే దీన్లో?"
పక్కనుంచి గీసిన బొమ్మ మీద
చేపనూనె బొటనవేలు ఆనించాడు:
"ఒట్టి నావైతే ఇక్కడికి."
ఇంకోటి, పైన:
"నిండితే ఇక్కడికి."
ఈ రెండో మరక కొంచెం పలచన.

కుడి సగం ఎంచుకుని డిలీట్ నొక్కాను.
"అయ్యో," అంది నఫీసా, తన నావే మునిగినట్టు.
కొత్త లేయరు తెరిచి నీరు అని పేరు పెట్టాను.
రెండు తెగిన గీతలు, నీలం రంగు,
తాత వేలు ఆనిన చోట్ల.
మేడమ్ ఏమీ అనలేదు.
కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

టేపు మళ్లీ సంచిలో పెట్టుకున్నాను.
కానీ నావ ఒడ్డున లేదు, వేటకెళ్లింది,
రేపో ఎల్లుండో.
అంతవరకూ ఏడో నంబరు తెరమీద
నీళ్లు మొత్తం,
నావ సగం.